రీఫండోద్ధారిణి: మూడు ఆటవెలదులకు టీకా తాత్పర్యాలు

అవతారిక

కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు. మనుచరిత్రకూ వసుచరిత్రకూ జూలూరి అప్పయ్య దొరికాడు. ఆదాయపు పన్ను పోర్టల్లో కనిపించే "మీ వివరాలు సరిపోలలేదు" అన్న ఒక్క వాక్యానికి మాత్రం ఇంతవరకు వ్యాఖ్యాత దొరకలేదు. రఘువంశంలో ఒక శ్లోకం అర్థం కాకపోతే ఎవరికీ రూపాయి నష్టం లేదు. ఈ వాక్యం అర్థం కాకపోతే రావలసిన డబ్బు రాదు. ఏది ముందుగా వ్యాఖ్యానించవలసిన గ్రంథమో రసికులు ఆలోచించాలి.

ఈ పనికి కడప జిల్లా కన్నా తగిన స్థలం లేదు. 1820లో కలెక్టరు కింద పనిచేయడానికి కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తర్వాత ఆ ఊళ్లోనే బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టుకుని, తాళపత్రాలు సరిపోల్పించి, కావ్యాలకు టీకలు రాయించాడు. పైన చెప్పిన అప్పయ్య టీకలు అలా పుట్టినవే. అంటే ఈ జిల్లాలో టీకా సాహిత్యానికి అన్నం పెట్టింది పన్నులు వసూలు చేసే శాఖ ఉద్యోగి. ఆ శాఖ రాతకు టీక రాయడం మనవైపు నుంచి చెల్లుబాకీ.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. ఒక తాళపత్రంలో ఒక మాట, రెండో దాంట్లో ఇంకో మాట ఉంటే బ్రౌన్ పండితులు దాన్ని పాఠాంతరం అన్నారు. రెంటినీ గౌరవంగా రాసుకుని, ఏది కవి రాసిందై ఉంటుందో కూర్చుని తర్కించారు. అదే తేడా మనిషి పేరులో కనిపిస్తే పోర్టల్ దాన్ని మిస్‌మ్యాచ్ అంటుంది. పాఠాంతరం ఉన్నంత మాత్రాన పెద్దనను ఎవరూ దొంగ అనలేదు.

ఇక మూలం. మూడు ఆటవెలదులు. కర్తా, వ్యాఖ్యాతా ఒకరే. ఇలాంటి దాన్ని స్వోపజ్ఞ వ్యాఖ్య అంటారు. కవి పేరు చెప్పడం లేదు. చెబితే నోటీసు ఎవరి పేర పంపాలో తెలిసిపోతుంది.

ప్రథమ పద్యం

పాను లోన నొకటి బ్యాంకులో వేరొండు
కార్డు లోన నింకొకటియు గలదు
పేరు లిన్ని గల్గు పెద్దమనిషి కెట్లు
తిరిగి వచ్చు పన్ను తెరువు తెలిసి

టీక: పాను లోనన్ = పది అక్షరాల శాశ్వత ఖాతా సంఖ్య గల కార్డులో; ఒకటి = ఒక పేరు; బ్యాంకులోన్ = పాసుపుస్తకం మొదటి పేజీలో; వేరొండు = మరో పేరు; కార్డు లోనన్ = ఆధార్ కార్డులో; ఇంకొకటియున్ = మూడో పేరు కూడా; కలదు = ఉన్నది; ఇన్ని పేరులు కల్గు = ఇన్ని నామధేయాలు కలిగిన; పెద్దమనిషికిన్ = గౌరవనీయుడైన అసెస్సీకి; తిరిగి వచ్చు పన్ను = రీఫండు; తెరువు తెలిసి = దారి ఎరిగి; ఎట్లు వచ్చున్ = ఎలా వస్తుంది? రాదని కాకువు.

శంక: పానూ కార్డే కదా. "కార్డు" అన్న మాటకు ఆధారే అని ఎలా చెబుతారు?

సమాధానం: యోగార్థం కన్నా రూఢి బలమైనది. ప్రొద్దుటూరులో ఏ కౌంటరు దగ్గరైనా "కార్డు తెచ్చినావా నా" అంటే ఆధారే. రేషన్ కార్డుకు రేషన్ అన్న విశేషణం తప్పదు. పానుకు ఆ గౌరవం కూడా లేదు, దాన్ని పాను అనే అంటారు.

విశేషం: న్యాయశాస్త్రానికి ఘటమూ పటమూ ఉన్నట్లు ఈ వ్యాఖ్యకు ఓబులరెడ్డి అని ఒక ఉదాహరణ పురుషుడు కావాలి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకున్నాడనుకోండి. బడిలో ఆయన "ఎన్. ఓబులరెడ్డి". ఆ ఎన్ ఇంటిపేరు. తెలుగువాడికి ఇంటిపేరు ముందు, తన పేరు వెనక. ముందున్న ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి చుక్క పెట్టడం మనకు మర్యాద. పాను కోసం పెట్టే 49ఏ దరఖాస్తులో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గళ్లుంటాయి. మొదటి, చివరి గళ్లలో పొడి అక్షరాలు పనికిరావు, విప్పి రాయాలి. ఆయన దగ్గర ఉన్నవి రెండు ముక్కలు. "రెడ్డి" చివరి పేరా, ఓబులరెడ్డిలో భాగమా? ఇంటిపేరు చివరికి పోవాలా, ముందు ఉండాలా? ఫారం నింపిన కుర్రాడు తనకు తోచినట్లు తేల్చేశాడు.

ఆ తేల్చడం కార్డు మీదే కాదు, అంకెలో కూడా పడుతుంది. పాను సంఖ్యలో మొదట ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర మరో అక్షరం. నాలుగో అక్షరం మనిషి జాతి చెబుతుంది. పి అయితే వ్యక్తి, హెచ్ అయితే అవిభక్త కుటుంబం, సి అయితే కంపెనీ, టి అయితే ట్రస్టు. ఐదో అక్షరం వ్యక్తి అయితే చివరి పేరు మొదటి అక్షరం. కనుక ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నకు ఐదో అక్షరం ఎన్ (ఇంటిపేరు చివరికి పోయింది), తమ్ముడికి ఆర్ (రెడ్డి చివర మిగిలింది) కావచ్చు. దాయాదులు ఆస్తి పంచుకోవడం విన్నాం గానీ, అక్షరాలు పంచుకోవడం ఇక్కడే చూస్తాం.

పులివెందులలో రెండు పొడి అక్షరాలను ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. కానీ 49ఏ ఫారానికి ఊరి సంగతులు తెలియవు. యెడుగూరి సందింటి రాజశేఖర రెడ్డి అన్న పేరును దాని ముందు పెడితే నాలుగు ముక్కలు, మూడు గళ్లు. ఆయన పుట్టింది జమ్మలమడుగు, ఊరు పులివెందుల. ముఖ్యమంత్రుల పేర్లే గళ్లలో పట్టని సీమలో ఓబులరెడ్డి ఏపాటి?

ఇక ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి. ఓబుల తర్వాత ఏ ఉందా లేదా, రెడ్డి చివర వై పెట్టాలా ఐ పెట్టాలా, రెండూ కలిపి రాయాలా విడదీయాలా. ఈ మూడు సందేహాలకు తలా రెండు జవాబులైతే, ఒక్క మనిషి ఎనిమిది మంది అవుతాడు. దస్తగిరికి టి తర్వాత హెచ్ ఉంటే ఒకరు, లేకపోతే ఇంకొకరు. జమ్మలమడుగు ఆడపడుచు పెళ్లికి ముందే పాను తీసుకుని ఉంటే అందులో పుట్టింటి పేరు. పులివెందుల కోడలైన తర్వాత దిగిన ఆధార్ ఫొటో పక్కన మెట్టినింటి పేరు. ఆవిడ మారలేదు. బియ్యం అదే ఎసట్లో పోస్తున్నది.

పుట్టిన తేదీ ఇంకో పాఠాంతరం. బడిలో అయ్యవారు తన సౌలభ్యం కోసం జూన్ ఒకటో, జూలై ఒకటో వేశాడు. ఆధార్ నమోదులో కాగితం లేనివారికి సంవత్సరం మాత్రమే పడింది. ఇంట్లో అడిగితే "పెద్ద గాలివాన వచ్చిన యేడు" అంటారు. చారిత్రక పరిశోధకులకు మూడో ఆధారమే ఎక్కువ నచ్చుతుంది. పోర్టల్‌కు అందులో ఒక్క ముక్కా ఎక్కదు.

ఈ కార్డులన్నీ ఎవరి దారిన అవి ఉన్నంత కాలం గొడవ లేదు. 2017 బడ్జెట్ చట్టం 139ఏఏ అన్న సెక్షన్ను తెచ్చి పానుకూ ఆధార్‌కూ ముడి వేసింది. ఆ ఏడు జూన్ 9న సుప్రీంకోర్టు చాలా వరకు సమర్థించింది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో మళ్లీ సమర్థించింది. ముహూర్తం మాత్రం ఏళ్ల తరబడి వాయిదా పడింది. 2022 జూన్ 30 వరకు ఆలస్యానికి 500 రూపాయలు, తర్వాత 1,000. చివరకు 2023 జూలై 1 నుంచి ముడిపడని పాను నిద్రాణమని ప్రకటించారు. పాను నిద్రపోతే రీఫండు రాదు. రీఫండు ఆలస్యమైతే నెలకు అర శాతం చొప్పున ప్రభుత్వం ఇవ్వవలసిన వడ్డీ, పాను నిద్రపోయినన్నాళ్లు లేదు. పైగా మన దగ్గర కోసే టీడీఎస్ ఎక్కువ రేటున కోస్తారు. నిద్రలో ఉన్నవాడి జేబు ఒకవైపు నుంచి మాత్రమే తెరుచుకుంటుందన్నమాట.

ముడి వేసేటప్పుడు యంత్రం మూడు చూస్తుంది: పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా. పేరులో కొద్ది తేడా అయితే ఫోనుకు ఓటీపీ పంపి సరిపెట్టుకుంటుంది. పూర్తిగా వేరైతే ఏదో ఒక కార్డును మార్చుకుని రమ్మంటుంది. ఆడిటర్ ఆఫీసులో సంభాషణ ఇలా నడుస్తుంది.

"ఏంది సారూ, నేను నేను కాదంటాంది మీ మిషను?"

"నువ్వే నా. కాకపోతే మూడు చోట్ల మూడు మాదిరి ఉండావు."

"మా ఊర్లో ఎవుర్నన్నా అడగమను."

ఈ చివరి మాటలో ఒక శాస్త్రమే ఉంది. దాని వ్యాఖ్య రెండో పద్యం కింద చేస్తాం.

బ్యాంకు పేరు మిగిలింది. 2019 మార్చి నుంచి రీఫండు చెక్కు రూపంలో రాదు, పానుతో ముడిపడిన ఖాతాలోకే వస్తుంది. ఆ ఖాతాను పోర్టల్లో ముందే ధ్రువీకరించుకోవాలి. ఖాతాలో పేరు పాను పేరుతో కలవాలి. కలిసిందనుకుందాం. అప్పుడు బ్యాంకు పేరు మారుతుంది. 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. సిండికేట్ అదే రోజు కెనరాలో కలిసింది. కడప ప్రధాన కార్యాలయంగా 2006లో మూడు గ్రామీణ బ్యాంకులు కలిసి ఏర్పడిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. విలీనాల వెంట శాఖల కోడ్‌లూ మారుతూ వచ్చాయి. ఓబులరెడ్డి ఖాతా తెరిచిన కిటికీ అక్కడే ఉంది, గుమాస్తా అతనే, దాని పైన బోర్డు వేరు. పోర్టల్లో పాత కోడ్ ఉంటే రీఫండు బయలుదేరి, దారి తప్పి, వెనక్కి పోతుంది. అప్పుడు మళ్లీ పంపమని అర్జీ పెట్టుకోవాలి. ఇక్కడ పేరు మార్చుకున్నది బ్యాంకు. రుజువు చేసుకోవలసింది ఖాతాదారు.

తాత్పర్యం: మనిషికి పేర్లు ఎన్ని ఉన్నా బాకీ పడ్డప్పుడు అన్నీ ఒకటే. డబ్బు రావలసినప్పుడు మాత్రం వేరువేరు.

ద్వితీయ పద్యం

కడప యనిరి మొదట కాదు వైయస్సారు
పిదప రెండు కలిపి పిలుతు రిపుడు
ఊరు నీట మునిగె నుత్తరం బేతెంచె
చేపలైన చదివి చెప్పలేవు

టీక: మొదటన్ = తొలుత; కడప అనిరి = జిల్లాను కడప అన్నారు; కాదు వైయస్సారు = అది కాదు, ఇది అన్నారు; పిదపన్ = ఆ తర్వాత; రెండు కలిపి = ఉభయాలను సంధించి; ఇపుడు పిలుతురు = ప్రస్తుతం వ్యవహరిస్తున్నారు; ఊరు = నివాస గ్రామం; నీటన్ మునిగెన్ = జలాశయంలో కలిసింది; ఉత్తరంబు = శాఖ వారి నోటీసు; ఏతెంచెన్ = వచ్చెను; చేపలైనన్ = ప్రస్తుతం ఆ చిరునామాలో కాపురమున్న మత్స్యములు కూడా; చదివి చెప్పలేవు = చదివి వినిపించజాలవు.

విశేషం: పూర్వార్ధం ఇంకా తక్కువే చెప్పింది. ఇంగ్లీషులో సితో మొదలై హెచ్‌తో ముగిసే దొరల స్పెల్లింగు 2005 దాకా నడిచింది. ఆ ఏడు కెతో మొదలయ్యే కడప వచ్చింది. 2010లో వైఎస్సార్ జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరు అయినప్పుడు కొంత భాగం కొత్త అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పులివెందుల కొత్త రెవెన్యూ డివిజన్ అయింది. 2025లో వైఎస్సార్ కడప అన్నారు. పాతికేళ్ల కిందట పాను తీసుకుని, పదేళ్ల కిందట ఆధార్ తీసుకుని, ఈమధ్య పాస్‌పోర్టు తీసుకున్న మనిషి ఇల్లు కదలకుండానే మూడు జిల్లాల పౌరుడు. ప్రొద్దుటూరుకు ఇంగ్లీషులో ఎన్ని రాతలున్నాయో చూడాలంటే శివాలయం సెంటరు నుంచి నడుస్తూ దుకాణాల బోర్డులు చదివితే చాలు. నడక అయ్యేసరికి ఊరు మారినట్లుంటుంది.

నిజం చెప్పాలంటే జిల్లా పేరు తేడా వల్లనే రిటర్ను ఆగదు. యంత్రం నమ్మేది పిన్‌కోడ్‌ను. ప్రొద్దుటూరుకు 516360, జమ్మలమడుగుకు 516434, పులివెందులకు 516390. ఈ ఆరు అంకెలు 1972 నాటివి. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు వచ్చినా వీటికి ఎవరి పేరూ పెట్టాలని తోచలేదు, మన అదృష్టం. జిల్లా పేరు తేడా కొరికేది వేరే చోట. పానులో చిరునామా సవరించమని కాగితం పెట్టినప్పుడు, ఇచ్చిన రుజువులో ఒక పేరు, దరఖాస్తులో ఒక పేరు అని వెనక్కి కొడతారు. ఆ సవరణ ఆగితే దాని మీద ఆధారపడిన బ్యాంకు సవరణ ఆగుతుంది, దాని మీద ఆధారపడిన రీఫండు ఆగుతుంది.

ఉత్తరార్ధంలో ఉన్నది కవి సమయమనీ, అతిశయోక్తి అలంకారమనీ కొందరు పొరబడవచ్చు. కాదు, స్వభావోక్తి. జమ్మలమడుగు పక్కన గండికోట జలాశయం ఉంది. సామర్థ్యం 26.85 టీఎంసీలు. నీటిమట్టం పెంచేకొద్దీ కొండాపురం మండలంలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు వంతు వచ్చింది. గొడవలు జరిగాయి, పరిహారం సంగతి తేల్చకుండా నీళ్లు ఎలా వదులుతారని జనం కూర్చున్నారు, చివరకు లేచిపోయారు. మనుషులు పునరావాస కాలనీలకు చేరారు. పాను డేటాబేసులో చిరునామాలు వాటంతట అవి ఈదుకుంటూ గట్టెక్కలేదు.

శంక: రైతులకు ఆదాయపు పన్ను రిటర్నుతో పనేమి?

సమాధానం: పరిహారం వచ్చింది కనుక. 2013 భూసేకరణ చట్టం కింద వచ్చే పరిహారానికి పన్ను లేదని ఆ చట్టంలోనే ఉంది, 2016లో ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్‌లోనూ చెప్పింది. పొలం సంగతి సరే. ఆ డబ్బును ఇంట్లో పెట్టుకోలేక బ్యాంకులో డిపాజిట్ చేస్తే, వడ్డీ పరిమితి దాటగానే బ్యాంకు పదో వంతు పన్ను కింద కోస్తుంది. పాను ఇవ్వకపోతే ఐదో వంతు. వేరే ఆదాయం లేదని 15జి కాగితం ముందే ఇచ్చి ఉంటే కోసేవారు కాదు. ఆ కాగితం ఒకటుందని కాలనీలో చెప్పేవారెవరు? కోసిన దాన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే రిటర్ను వేయాలి. అంటే ఊరు పోగొట్టుకున్నవాడు, ఊరు పోయినందుకు వచ్చిన డబ్బు మీద వచ్చిన వడ్డీలో పోయిన ముక్క కోసం, పోయిన ఊరి చిరునామాతో దరఖాస్తు పెట్టాలి. ఇంత పొడవైన సమాసం ప్రబంధాల్లో కూడా అరుదు.

ఇక నోటీసు ఎక్కడికి పోతుందంటే, 282వ సెక్షనూ 127వ నియమమూ చూడాలి. మొదట పాను డేటాబేసులోని చిరునామా. తర్వాత ఆ రిటర్నులో ఉన్నది. తర్వాత అంతకుముందు వేసిన రిటర్నులో ఉన్నది. అక్కడెక్కడా అందకపోతే బ్యాంకులో, పోస్టాఫీసులో, బీమా సంస్థలో, ప్రభుత్వ రికార్డుల్లో, స్థానిక సంస్థ రికార్డుల్లో ఉన్నవి. నలుడి కోసం దమయంతి కూడా ఇన్ని చోట్లకు మనుషుల్ని పంపలేదు. వెతకడంలో శాఖ వారి శ్రద్ధను తప్పు పట్టలేం. నియమం రాసిన మహానుభావుడు అన్నీ ఊహించాడు, చిరునామా మొత్తానికి మొత్తం చెరువు కింద ఉండవచ్చని తప్ప. చిరునామా మారితే చెప్పవలసిన బాధ్యత అసెస్సీది. ఊరినే మార్చిన ప్రభుత్వానికి ఇంకో శాఖకు ఆ ముక్క చెప్పే బాధ్యత ఏ నియమంలోనూ కనబడదు. జలవనరుల శాఖ దగ్గర ముంపు గ్రామాల జాబితా ఉంది, పరిహారం తీసుకున్నవారి పేర్లున్నాయి, కాలనీలో ఇచ్చిన స్థలాల వివరాలున్నాయి. ఆ జాబితా రిటర్నులు పరిశీలించే బెంగళూరు కేంద్రానికి పోదు. ఓబులరెడ్డే పోవాలి.

శంక: ఇన్ని పరీక్షలెందుకు? ప్రభుత్వానికి జనం మీద ఇంత అనుమానమా?

సమాధానం: అనుమానానికి కారణం లేకపోలేదు. 2023లో హైదరాబాదు, విజయవాడల్లో కొందరు కన్సల్టెంట్లు ఉద్యోగుల పేర లేని మినహాయింపులు చూపించి రీఫండ్లు లాగిన సంగతి బయటపడింది. లేని పొదుపు, కట్టని అద్దె, ఇవ్వని చందా. అమ్మకు అద్దె కడుతున్నానని రాసి అమ్మ పాను ఇచ్చేవాళ్లున్నారు (ఏటా లక్ష దాటితే ఇంటి యజమాని పాను ఇవ్వాలి), ఆ అమ్మకు ఆ సంగతే తెలియదు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాను చెప్పాలన్న నియమం 2016 నుంచి ఉంది. పెళ్లి బంగారం కొనేటప్పుడు ఎవరి పాను చేతికి అందితే దాన్ని చెప్పేసే బావమరుదులూ ఉన్నారు. తర్వాత ఆ అంకె ఆ పానుగల అమాయకుడి వార్షిక సమాచార పత్రంలో తేలుతుంది. ఇంత ఆదాయం లేనివాడు ఇంత బంగారం ఎట్లా కొన్నాడని యంత్రం కనుబొమ ఎగరేస్తే అది దాని తప్పు కాదు. పరీక్ష ఉండాలి. వ్యాఖ్యాత పేచీ పరీక్షతో కాదు, పరీక్షకుడికి సాక్షి లేకపోవడంతో.

"మా ఊర్లో ఎవుర్నన్నా అడగమను" అన్న మాటకు ఇక వ్యాఖ్య. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువారికి వదిలేశాక థామస్ మన్రో ఏడేళ్లు ఇక్కడ కలెక్టరుగా ఉండి, పొలాలు కొలిపించి, రైతు రైతుకూ పేరు పేరునా పన్ను నిర్ణయించాడు. అంత పని చేసినా పేర్ల గొడవ రాలేదు. ప్రతి ఊళ్లో కరణం ఉన్నాడు. ఓబులరెడ్డి అంటే ఏ ఓబులరెడ్డో, చింతమాను కింది ఇంటి వాడో ఏటిగట్టు వాడో, అతనికి తెలుసు. కరణం కలం మంచిదని కాదు. ఆ కలం ఎన్ని ఎకరాలు మింగిందో సీమలో ఎవర్నడిగినా చెబుతారు. కానీ మనిషిని చూసి మనిషే అని సంతకం పెట్టగలిగే అధికారం ఊళ్లోనే ఉండేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను తీసేసింది, తీసేయవలసిందే. ఆ సంతకం స్థానంలోకి మాత్రం అక్షరాలు పోల్చే యంత్రం వచ్చింది. పన్ను వేసిన మన్రో పేరును పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్న సీమ ఇది. పోర్టల్ పేరు ఏ బిడ్డకూ ఎవరూ పెట్టినట్లు వినలేదు.

తాత్పర్యం: ఉన్నచోట ఉన్నవాడికి జిల్లాలు మారాయి. ఊరు మారినవాడికి చిరునామా మారలేదు.

తృతీయ పద్యం

దాఖలాయె ననుచు ధైర్యాన నిద్రించు
నోటిపీని కొట్ట నొల్ల కతడు
ఫోను నంబరేమొ పొరుగువానిది గాన
పిలుపు వచ్చె ననుట తెలియదాయె

టీక: దాఖలాయెన్ అనుచున్ = రిటర్ను వేయడం అయిపోయిందని; ధైర్యానన్ = నిశ్చింతగా; ఓటిపీని = ఆరంకెల రహస్యాన్ని; కొట్టన్ ఒల్లక = నమోదు చేయడానికి బద్ధకించి; అతడు నిద్రించున్ = ఆ అసెస్సీ పడుకొనును. మిగిలినది సుబోధం.

పాఠాంతరం: "నోటి పీని" అని విడదీసి, నోటితో చెప్పే పిన్ను అని అర్థం చెప్పినవారున్నారు. ఫోనులో ఎవడో అడిగితే నోటితో చెప్పేసి ఖాతా ఖాళీ చేసుకున్నవారు ఆ పాఠం వారే. అది గ్రాహ్యం కాదు.

విశేషం: రిటర్ను వేయడం ఒకటి, అది నేనే వేశానని ధ్రువీకరించడం ఇంకొకటి. ధ్రువీకరణకు గడువు 2022 జూలై దాకా 120 రోజులు, ఆ ఆగస్టు 1 నుంచి 30. ఆధార్ ఓటీపీతో చేయవచ్చు, నెట్ బ్యాంకింగుతో చేయవచ్చు, చేతకాకపోతే ఒక కాగితం మీద సంతకం పెట్టి బెంగళూరు 560500కు స్పీడ్ పోస్టులో పంపవచ్చు. గడువు దాటి చేస్తే ఆ రోజే రిటర్ను వేసినట్లు లెక్క, ఆలస్య రుసుము 5,000 దాకా. అసలే చేయకపోతే వేయనట్లే. రిటర్నులో దోషముందని 139(9) కింద నోటీసు వస్తే సరిదిద్దడానికి పదిహేను రోజులు.

ఈ పిలుపులన్నీ ఈమెయిలుకూ ఫోనుకూ వస్తాయి. ఎవరి ఫోనుకు? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడింటిలోనూ పన్ను కాగితాలు చూసే ప్రతివాడూ ఆడిటరే, సీఏ చదివినా చదవకపోయినా. ఖాతా తెరిచేటప్పుడు ఆయన సౌకర్యం కోసం తన నంబరే ఇస్తాడు, కొన్నిచోట్ల తన దగ్గర పనిచేసే కుర్రాడిది. కుర్రాడు పెళ్లి చేసుకుని హైదరాబాదు పోతాడు, సిమ్ మారుస్తాడు. నోటీసులు ఆ సిమ్ము వెంట ఎక్కడికో పోతాయి. ఓబులరెడ్డి మాత్రం అదే వీధిలో, అదే అరుగు మీద, తన పేర ఏమీ రాలేదని నిశ్చింతగా ఉంటాడు. చట్టం దృష్టిలో ఆయనకు అందింది. ఈ ఒక్క విషయంలో యంత్రాన్ని అనడానికి లేదు. పాసువర్డు ఆడిటరుకు ఇచ్చి, ఫోను నంబరు ఆడిటరుది రాయించి, రీఫండు మాత్రం తన ఖాతాకు రావాలంటే ఎలా? నంబరొక్కటి తనది పెట్టుకుంటే పై రెండు పద్యాల బాధ కూడా సగం ముందే తెలుస్తుంది.

తాత్పర్యం: మూలం కన్నా విశేషమే స్పష్టంగా ఉంది, అక్కరలేదు.

కొసరు

ఇది కడప జిల్లా జబ్బు మాత్రమే అనుకుని ఎవరూ చిన్నబోనక్కరలేదు. డల్లాస్ చేరిన ప్రొద్దుటూరు పిల్లలకు అక్కడి పన్నుల శాఖ 5071సి అన్న ఉత్తరం పంపుతుంది. మీ పేర రిటర్ను వచ్చింది, వేసింది మీరేనా అని అడుగుతుంది. రుజువు చేసుకున్నాక కూడా తొమ్మిది వారాలు పట్టవచ్చంటుంది. అక్కడి నేరం వేరు, ఒకడి సంఖ్యతో ఇంకొకడు రీఫండు లాగడం. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడ్డవాళ్లకు వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని వస్తుంది, మొదటి పేరు తెలియదని దాని అర్థం. ఇరవై రెండేళ్లు ఒక పేరుతో పెరిగి, విమానం దిగేసరికి తెలియనివాడై పోతాడు పాపం. ఇంటికి ఫోను చేస్తే నాయన అంటాడు, "నాకూ అదే చెప్పినారు లేరా, కార్డు మార్చుకుంటే సరిపోతాదంట."

పాఠకులకు ఒక హెచ్చరిక. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానికి బదులు 536 సెక్షన్ల 2025 చట్టం వర్తిస్తుంది. అంతకుముందు ఏళ్ల ఆదాయాలకు పాతదే. కనుక పై వ్యాఖ్యలో చెప్పిన అంకెలు కొత్త ప్రతుల్లో వేరుగా కనిపిస్తాయి. చట్టానికైతే పాఠాంతరం ఉండవచ్చు.

గద్యం: ఇది పాను ప్రకారం ఇంటిపేరు చివరను, ఆధార్ ప్రకారం ఇంటిపేరు మొదటను, బ్యాంకు ప్రకారం ఇంటిపేరు లేకయు వెలుగొందువాడును, జూలై ఒకటిన బడి అయ్యవారి చేత జన్మించినవాడును, పినాకినీ తీర వాస్తవ్యుండును (పిన్‌కోడ్ 516360), రీఫండు నిరీక్షణ విధేయుండును అగు కవి చేత ప్రణీతంబైన రీఫండోద్ధారిణి యను వ్యాఖ్యయందు సర్వంబును ఏకాశ్వాసము. ధ్రువీకరణ పెండింగు.